బుధవారం సంత ఊరు: మార్కెట్ డ్రేటన్
(ఇంగ్లండులోని తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మార్కెట్ డ్రేటన్ అనే ఊరి పేరు ఈ సభలో చాలామంది విని ఉండరు. బర్మింగ్‌హామ్‌కు వాయవ్యంగా, ష్రాప్‌షైర్ కౌంటీ ఉత్తరపు అంచున, టెర్న్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. జనాభా సుమారు 12 వేలు. కోట లేదు, విశ్వవిద్యాలయం లేదు, రైలు కూడా లేదు. అటువంటి ఊరి గురించి ఒక సాయంత్రమంతా ఎందుకు మాట్లాడాలి అంటే, నాకు రెండు కారణాలు ఉన్నాయి. 1245లో ఆ ఊరికి రాజు బుధవారం సంత మంజూరు చేశాడు; ఈనాటికీ అక్కడ సంత బుధవారమే. రెండో కారణం, ఇండియాలో ఈస్ట్ ఇండియా కంపెనీ పాలనకు పునాది వేసిన రాబర్ట్ క్లైవ్. అతడు ఆ ఊరి పక్క పల్లెలో పుట్టాడు, ఆ ఊరి వీధుల్లో అల్లరి చేస్తూ పెరిగాడు, చివరికి అక్కడి మట్టిలోనే కలిశాడు.

యాత్రికుల్లో చాలామందిని క్లైవ్ పేరే అక్కడికి రప్పిస్తుంది. నేను మాత్రం ముందు సంత గురించి చెప్తాను. క్లైవ్ పుట్టేనాటికే ఆ సంత వయసు 480 ఏళ్లు. ఊరిని నిలబెట్టింది సంతే.

ఇంగ్లండులో సంత పెట్టుకోవడం ఎవరికి తోచినట్టు వారు చేసే పని కాదు. రాజు అనుమతి పత్రం ఉండాలి. డ్రేటన్ భూములు అప్పట్లో కంబర్‌మియర్ అనే క్రైస్తవ మఠం చేతిలో ఉండేవి. 1245లో మూడో హెన్రీ రాజు ఆ మఠాధిపతికి సంత హక్కు ఇచ్చాడు. హక్కు అంటే ఆదాయమే. అంగడి వేసిన ప్రతివాడూ సుంకం కట్టాలి, తూకాలూ కొలతలూ సంత పెద్ద చెప్పినట్టు ఉండాలి, తగాదా వస్తే అక్కడికక్కడే తీర్పు. వర్తకుడు మర్నాడు ఇంకో ఊళ్లో ఉంటాడు కాబట్టి వాయిదాలు వేస్తూ కూర్చుంటే కుదరదు. మన పల్లెల్లో వారం పేరుతో పిలిచే సంతలు ఎరిగిన వారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. రైతుకు డబ్బు కళ్లచూసే రోజు అదొక్కటే. ఉప్పూ గుడ్డా కొనేదీ, పెళ్లి సంబంధాల కబురు వినేదీ ఆ రోజే.

ఇక్కడ నాకు ఎంతో నచ్చిన లెక్క ఒకటి ఉంది. 13వ శతాబ్దంలో బ్రాక్టన్ పేరుతో వచ్చిన న్యాయశాస్త్ర గ్రంథంలో, పాత సంతకు ఎంత దూరంలో కొత్త సంత పెట్టవచ్చో రాశారు. మనిషి రోజుకు 20 మైళ్లు నడవగలడు. ఆ రోజును మూడు భాగాలు చేయాలి. ఒక భాగం సంతకు వెళ్లడానికి, ఒకటి కొనుగోళ్లకూ అమ్మకాలకూ, మిగిలినది వెలుతురు ఉండగానే ఇల్లు చేరడానికి. కాబట్టి రెండు సంతల మధ్య ఆరు మైళ్లూ, మరో మైలులో మూడింట రెండు వంతులూ దూరమైనా ఉండాలి. అంతకంటే దగ్గరగా పెడితే పాత సంతకు నష్టం చేసినట్టే. ఇంగ్లండు పటం తీసి ఈ ప్రాంతాన్ని ఒకసారి చూడండి. డ్రేటన్ చుట్టూ విట్‌చర్చ్, వెమ్, న్యూపోర్ట్, నాంట్‌విచ్, అన్నీ సంత ఊళ్లే. ఒక్కొక్కటి పూట నడక దూరంలో ఉంది. బరువు మోస్తూ చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకున్న రైతు కాళ్లే ఈ పటాన్ని గీశాయి.

1538లో ఎనిమిదో హెన్రీ దేశంలోని మఠాలను మూసివేయిస్తున్నప్పుడు కంబర్‌మియర్ కూడా పోయింది. సన్యాసులు వెళ్లిపోయినా బుధవారం పోలేదు. 1651లో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. ఒక రొట్టెల బట్టీలో రేగిన మంట చెక్క ఇళ్లను అంటుకుని ఊళ్లో దాదాపు 70 శాతాన్ని బూడిద చేసింది. లండన్ మహా అగ్నిప్రమాదం గురించి అందరం చదువుకున్నాం. అది 1666లో జరిగింది, అది కూడా రొట్టెల బట్టీలోనే మొదలైంది. డ్రేటన్ దానికి పదిహేనేళ్ల ముందే కాలిపోయింది, అదీ అంతర్యుద్ధపు ఆఖరి ఏడాదిలో, దేశమంతా అలసిపోయి ఉన్నప్పుడు.

అయినా వెంటనే కట్టుకున్నారు. ఇప్పుడు మీరు ష్రాప్‌షైర్ స్ట్రీట్‌లో నడిస్తే కనిపించే నల్లదూలాల తెల్లగోడల ఇళ్లలో చాలా వరకు ఆ మంట తర్వాతివే. శాండ్‌బ్రూక్ వాల్ట్స్ అనే పానశాల భవనం 1653 నాటిది, అంటే మంట చల్లారి రెండేళ్లు మాత్రమే. దాని ముందు కాసేపు నిలబడి చూడండి. ముందు బలమైన ఓక్ దూలాలతో చట్రం బిగిస్తారు, ఆ గళ్లలో సన్న కర్రల తడిక అల్లి మట్టి మెత్తుతారు, లేదా ఇటుక నింపుతారు. ఇంటి బరువంతా చట్రం మీదే, గోడ మీద కాదు. అందుకే మూడున్నర శతాబ్దాలలో దూలాలు వంగి, పై అంతస్తు ఒక పక్కకు ఒరిగినా ఇల్లు పడిపోలేదు. చెక్క ఇళ్ల వల్లే ఊరు కాలిపోయింది కదా, మళ్లీ చెక్కతోనే ఎందుకు కట్టారని మీరు అడగవచ్చు. వాళ్ల చేతికి అందిన సామగ్రి అదే, వాళ్ల వడ్రంగులకు వచ్చిన పని అదే. ఊరు ఆగితే సంత ఆగుతుంది, సంత ఆగితే పక్క ఊరు దాన్ని పట్టుకుపోతుంది.

ఊరి నడిబొడ్డున బటర్ క్రాస్ ఉంది. 1842లో కట్టారు. స్తంభాల మీద పైకప్పు, నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు వెన్న, గుడ్లు, కోళ్లు పెట్టుకుని అమ్మడానికి నీడ అది. ఇది పాడి ప్రాంతం, చెషైర్ జున్ను పుట్టిన నేల పక్కనే ఉంది. ఇప్పుడు కూడా ఊరి శివార్లలో పెద్ద పెరుగు కర్మాగారం నడుస్తోంది. బుధవారం నాడు చెషైర్ స్ట్రీట్ పొడవునా అంగళ్లు ఉంటాయి. జున్ను, మాంసం, మొక్కలు, బట్టలు, చేతిపని సామాన్లు. సూపర్ మార్కెట్ కంటే సరుకు చవకా కాదా అని లెక్క వేస్తూ నడవకండి. అంగడివాడికి కొనే ముసలాయన పేరు తెలుసు, ఆయన మోకాలి నొప్పి సంగతీ తెలుసు. అది చూడటానికే వెళ్లాలి.

తినడానికి ఒకటి తప్పక కొనండి, అల్లం బిస్కెట్. అక్కడివారు జింజర్‌బ్రెడ్ అంటారు, తమ ఊరిని దాని పుట్టిల్లుగా చెప్పుకుంటారు. ఈ ఊళ్లో దాన్ని తయారు చేస్తున్నట్టు 1793 నుంచి ఆధారాలు ఉన్నాయి. బిల్లింగ్టన్ పేరుతో దొరికేదాని వంటపద్ధతి 1817 నాటిది. వేలంత పొడుగ్గా, గీతలు గీతలుగా, గట్టిగా ఉంటుంది. పోర్ట్ అనే తీయని ద్రాక్షసారాలో ముంచి తినడం అక్కడి ఆనవాయితీ. మనకు టీ చాలు. ఇండియా నుంచి క్లైవ్ వల్లే ఆ ఊరికి అల్లం అలవాటైందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అతడు పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఇంగ్లండు వంటింటికి అల్లం తెలుసు.

ఇక క్లైవ్ దగ్గరకు వద్దాం.

1725 సెప్టెంబర్ 29న మార్కెట్ డ్రేటన్‌కు మూడు మైళ్ల దూరంలో, మోర్టన్ సే పల్లె దగ్గరి స్టైచ్ హాల్‌లో పుట్టాడు. పాత కుటుంబం, పేరు ఉంది, డబ్బు అంతంతమాత్రం. డ్రేటన్ గ్రామర్ స్కూల్లో కొంతకాలం చదివాడు. ఆ బడిని 1555లో స్థాపించినది సర్ రోలండ్ హిల్. ఈ ప్రాంతంలోనే పుట్టి లండన్ మేయర్ అయినవాడు. పాత బడి భవనం ఇప్పటికీ సెయింట్ మేరీస్ చర్చి పక్కన ఉంది. చర్చి ఎత్తైన చోట, నది లోయ వైపు చూస్తూ ఉంటుంది. దాని గోపురం పైకి ఎక్కిన కుర్ర క్లైవ్, గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి బొమ్మ మీద కూర్చున్నాడని ఊరి కథ. ఇంకో కథ కూడా చెప్తారు. తోటి కుర్రాళ్లను ముఠాగా కట్టి, దుకాణదారుల దగ్గర కానుకలు వసూలు చేసేవాడట. ఇవ్వనివారి కొట్లోకి మురుగు కాలువ నీళ్లు మళ్లించేవారట. ఇవి పెద్దవాడై పేరు వచ్చాక చెప్పుకున్న కథలు, ఎంత నిజమో తేల్చలేం. కానీ ఆ ఊరు ఏ కథలను దాచుకుందో చూడండి. భయపెట్టి వసూలు చేయడాన్ని బాల్యపు చిలిపితనంగా చెప్పుకున్నారు. బెంగాల్‌లో ఆ పని జరిగినప్పుడు దానికి ఎవరూ నవ్వలేదు.

1743లో, పదిహేడేళ్ల వయసులో, ఈస్ట్ ఇండియా కంపెనీలో గుమాస్తాగా మద్రాసుకు బయలుదేరాడు. ఆర్కాట్, ప్లాసీలలో అతడు గెలిచిన యుద్ధాలు మీకు తెలిసినవే. మన ఊళ్ల వైపు కథ ఎక్కువ మందికి తెలియదు కాబట్టి దాన్నే కాస్త వివరంగా చెప్తాను.

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు నడిపాడు. కోట నేలమట్టమయ్యాక తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయన్ను చంపాడు. ఇది మనకు పాటగా, కథగా, నాటకంగా తెలుసు. మన పాట అక్కడ ఆగిపోతుంది, చరిత్ర ఆగలేదు. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. వారి చేతిలో ఉన్న విశాఖపట్నాన్ని పట్టుకుని, ఆంగ్లేయులను సాయం పిలిచాడు. మద్రాసు పెద్దలు చేతులెత్తేశారు. అప్పుడాయన కలకత్తాకు కబురు పంపాడు. అక్కడ ఉన్నది ప్లాసీ గెలిచి ఏడాది దాటిన క్లైవ్. తన సలహాదారులు వద్దంటున్నా, ఫోర్డ్ అనే కల్నల్‌కు సుమారు 500 మంది ఐరోపా సైనికులను, 2,000 మంది సిపాయిలను ఇచ్చి ఓడల మీద విశాఖకు పంపాడు.

1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర యుద్ధం జరిగింది. నేటి కాకినాడ జిల్లాలోని గొల్లప్రోలు మండలంలో ఆ ఊరుంది. అక్కడ ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ రాత్రివేళ దాడి చేసి మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. 1611 నుంచి ఆంగ్లేయులు సరుకు కొనుక్కుంటూ వచ్చిన రేవు అది. ఆ రాత్రితో వాళ్ల చేతికి తక్కెడతో పాటు తాళంచెవులు కూడా వచ్చాయి. 1765లో అలహాబాదులో మొగలాయి చక్రవర్తి రెండో షా ఆలం దగ్గర బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీతో, అంటే పన్ను వసూలు హక్కుతో పాటు ఉత్తర సర్కారులకు కూడా క్లైవ్ ఫర్మానా తీసుకున్నాడు. మరుసటి ఏడాది హైదరాబాద్ నిజాంతో ఒప్పందం కుదిరింది. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా మన కోస్తా కంపెనీ కిందికి పోయింది. గుంటూరు 1788లో వచ్చి కలిసింది.

క్లైవ్ చందుర్తి పొలాల్లో కత్తి పట్టలేదు. కలకత్తాలో కూర్చుని ఒక నిర్ణయం చేశాడు, తర్వాత ఒక కాగితం సంపాదించాడు. ఆ నిర్ణయానికీ కాగితానికీ మధ్య ఏడేళ్లు. తర్వాతి దాదాపు రెండు వందల ఏళ్ల మన బతుకు ఆ ఏడేళ్లలో మలుపు తిరిగింది. మార్కెట్ డ్రేటన్ చర్చి గోపురం కింద నిలబడినప్పుడు మనలో ప్రతి ఒక్కరికీ చందుర్తి గుర్తుకు రావాలని నా తపన. ఇంగ్లండులో క్లైవ్ పేరు చెప్పగానే ప్లాసీ అంటారు, ఆర్కాట్ అంటారు. చందుర్తి పేరు అక్కడి యాత్రికుల నోట రాదు. మన పిల్లల నోటా రావడం లేదు, నాకు అది ఎక్కువ బాధగా ఉంది.

ఇండియా నుంచి అపారమైన సంపదతో తిరిగి వచ్చాడు. స్టైచ్ హాల్‌ను ఆ రోజుల్లో పేరున్న వాస్తుశిల్పి విలియం ఛాంబర్స్ రూపకల్పనతో మళ్లీ కట్టించాడు. పార్లమెంటు 1772, 1773లలో అతని సంపాదన మీద విచారణ జరిపింది, నిందించింది, చివరికి దేశానికి గొప్ప సేవ చేశాడని మెచ్చుకుంది. ఆ విచారణకు రెండు మూడేళ్ల ముందే, 1770 కరవులో, బెంగాల్‌లో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. 1774 నవంబర్ 22న క్లైవ్ లండన్‌లోని తన ఇంట్లో 49 ఏళ్ల వయసులో చనిపోయాడు. తన చేతులతోనే ప్రాణం తీసుకున్నాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. శవాన్ని మోర్టన్ సే చర్చికి తెచ్చి పూడ్చారు. సమాధి ఎక్కడన్నది గుర్తు పెట్టలేదు. చర్చి లోపల ఒక ఫలకం మాత్రం ఉంది.

ష్రూస్‌బరీ పట్టణ కూడలిలో అతని విగ్రహం ఉంది, 1860లో నిలబెట్టారు. 2020లో దాన్ని తీసేయాలని సంతకాల ఉద్యమం నడిచింది. కౌన్సిల్ ఉంచాలనే తీర్మానించింది. నన్నడిగితే, విగ్రహం ఉండనీ, దాని పక్కన పూర్తి కథ చెప్పే పలక ఉండాలి. అందులో 1770 ఉండాలి, చందుర్తీ మచిలీపట్నమూ ఉండాలి.

డ్రేటన్ చుట్టుపక్కల ఇంకా చూడవలసినవి ఉన్నాయి. ఊరికి తూర్పున కొద్ది మైళ్లలో బ్లోర్ హీత్ యుద్ధభూమి. ఇంగ్లండు సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాలు చేసిన గులాబీల యుద్ధాలలో, 1459 సెప్టెంబర్ 23న జరిగిన తొలి పెద్ద పోరాటాల్లో ఒకటి. యార్క్ పక్షపు సాల్స్‌బరీ ప్రభువు దగ్గర ఉన్న సైన్యం ఎదుటివారిలో సగమే. వెనక్కి తగ్గినట్టు నటించి, లార్డ్ ఆడ్లీని వాగు దాటేలా చేసి, గట్టు ఎక్కుతుండగా దెబ్బతీశాడు. ఆడ్లీ అక్కడే చనిపోయాడు. ఆ చోట నిలిపిన రాతి శిలువ పొలం మధ్యలో ఇప్పటికీ ఉంది. సాల్స్‌బరీ రాత్రికి రాత్రే జారుకుంటే, సైన్యం ఇంకా అక్కడే ఉందని శత్రువులు నమ్మేలా ఒక సన్యాసి తెల్లవార్లూ ఫిరంగి పేలుస్తూ ఉండిపోయాడట. పక్కనే ఉన్న మకల్‌స్టన్ చర్చి గోపురం నుంచి లాంకాస్టర్ పక్షపు మార్గరెట్ రాణి యుద్ధం చూసిందనీ, ఓటమి ఖాయమయ్యాక గుర్రపు నాడాలు వెనక్కి తిప్పి కొట్టించుకుని పారిపోయిందనీ ఐతిహ్యం. నాడాలు కొట్టిన దాగలి అంటూ చర్చి ఆవరణలో ఒక ఇనుప దిమ్మె చూపిస్తారు. చరిత్రగా దీన్ని నమ్మలేం, కథగా మాత్రం పిల్లలకు ఎంతో నచ్చుతుంది.

పిల్లలను తీసుకెళ్తే టర్లీ లాకుల దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. థామస్ టెల్ఫర్డ్ రూపొందించిన కాలువ, 1835లో మొదలైంది, ఇప్పుడు ష్రాప్‌షైర్ యూనియన్ కాలువలో భాగం. ఊరికి దక్షిణాన ఐదు లాకులు వరసగా, మెట్లలా ఉంటాయి. పడవ ఏడడుగుల వెడల్పు కూడా ఉండదు, పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా ఉంటుంది. కింది నుంచి వచ్చిన పడవ రాతి గదిలోకి దూరుతుంది. వెనుక తలుపులు మూస్తారు. ఒకామె గట్టు మీదికి దిగి, చేతిలోని ఇనుప పిడిని పళ్లచక్రానికి తగిలించి తిప్పుతుంది. పై తలుపు అడుగున తూము తెరుచుకుంటుంది, నీళ్లు సుడులు తిరుగుతూ గదిలోకి వస్తాయి, పడవ నెమ్మదిగా పైకి లేస్తుంది. లోపలి నీళ్లూ పైనున్న నీళ్లూ సమానమయ్యే దాకా ఆ తలుపును ఏనుగు తోసినా కదలదు. సమానమైన క్షణాన ఆమె పొడవాటి చెక్క దూలానికి వీపు ఆనించి నాలుగడుగులు వెనక్కి వేస్తే తలుపు తెరుచుకుంటుంది. మోటారు లేదు, విద్యుత్తు లేదు. లాకులు దాటాక వుడ్‌సీవ్స్ దగ్గర కాలువ కొండను కోసుకుంటూ ఒకటిన్నర మైలు వెళ్తుంది. ఎండాకాలంలో కూడా అక్కడ చల్లగా, రాళ్ల మీద నాచుతో పచ్చగా ఉంటుంది. పలుగూ పారలతో మనుషులు తవ్విన లోయ అది.

తోటలు ఇష్టమైతే హాడ్నెట్ హాల్, డొరొతీ క్లైవ్ గార్డెన్ ఉన్నాయి. తెరిచే రోజులు ముందే చూసుకోండి. రెండోది 1940లో హ్యారీ క్లైవ్ అనే కల్నల్ పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతున్న భార్య నడవడానికి పాత కంకర గొయ్యిలో వేయించిన తోట. మే నెలలో రోడోడెండ్రాన్ పూలు చూడాలి. హాడ్నెట్ చర్చిలో పురోహితుడిగా పనిచేసిన రెజినాల్డ్ హీబర్ 1823లో కలకత్తా బిషప్ అయ్యాడు, 1826లో తిరుచిరాపల్లిలో చనిపోయాడు. ఈ మూల నుంచి మన దేశానికి వచ్చినవారిలో అతనిది వేరే దారి.

ఫోర్డ్‌హాల్ పొలం సంగతి చెప్పకుండా ముగించలేను. ఎన్నో ఏళ్లుగా రసాయనాలు లేకుండా సాగు చేస్తున్న కౌలు కుటుంబానికి భూమి చేజారిపోయే పరిస్థితి వచ్చింది. 2006లో సుమారు 8,000 మంది ఒక్కోటి 50 పౌండ్ల వాటాలు కొని, దాదాపు 8 లక్షల పౌండ్లు పోగుచేసి పొలాన్ని జనం ఆస్తిగా మార్చారు. ఇంగ్లండులో అలా జరిగిన మొదటి పొలం ఇదే. వాటాకు లాభం పంచరు, వాటాదారులకు ఆ సంగతి తెలుసు. అక్కడ నడక దారులు ఉన్నాయి, భోజనశాల ఉంది. కౌలు రైతు కష్టం తెలిసిన మనం అక్కడ ఒక పూట గడపాలి.

ప్రయాణం సంగతి. 1963లో ఈ ఊరికి ప్రయాణికుల రైలు ఆగిపోయింది. ష్రూస్‌బరీ దాకా రైలెక్కి అక్కడి నుంచి బస్సులో వెళ్లవచ్చు, కారుంటే చుట్టుపక్కల ఊళ్లు కూడా సులువుగా చూడవచ్చు. వారాంతంలో వెళ్తే సంత ఉండదు, బుధవారం సెలవు పెట్టుకోండి. పొద్దున సంత, బటర్ క్రాస్, చర్చి, మధ్యాహ్నం లాకులు, ఎండ ఉండగానే మోర్టన్ సే. ఆనంద గజపతి గురించీ ఉత్తర సర్కారుల గురించీ మీకేమైనా సందేహాలుంటే ఇప్పుడు అడగండి, చెప్తాను.